మొండి నట్టు కథ: ఎంజీ స్పోర్ట్స్ కారు, అంబాసిడర్, మన అల్మాస్‌గూడ షెడ్డు

ఇవాళ ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క నట్టు గురించి. అవును, నట్టే. "ఒక నట్టు మీద ఇంతసేపు ఏం మాట్లాడతావ్ రా?" అని మా ఎడిటర్ కూడా అడిగాడు. చివరిదాకా ఉండండి, ఈ నట్టు వెనకాల నిజాం కారు ఉంది, రెండో ప్రపంచ యుద్ధం ఉంది, మన సెక్రటేరియట్ ముందు నిలబడ్డ తెల్ల అంబాసిడర్లు ఉన్నాయి.

ముందు నట్టు ఎక్కడుందో చూపిస్తా. స్క్రీన్ మీద కనిపిస్తున్న కారు ఎంజీఏ. 1955 నుంచి 1962 వరకు ఇంగ్లండ్‌లో అబింగ్డన్ అనే ఊళ్లో తయారైంది. రెండు సీట్లు, పొడుగాటి బానెట్, వంపు తిరిగిన ఫెండర్లు. లక్షకి పైగా కట్టారు, అందులో ఎక్కువ భాగం అమెరికా వెళ్లిపోయాయి. బానెట్ ఎత్తి రేడియేటర్ తీసేస్తే ఇంజిన్ మూతి కనిపిస్తుంది. ఫ్యాన్ బెల్ట్ తిరిగే కింది పుల్లీ ఉంది కదా, దాని నడిమధ్యలో ఒక పెద్ద నట్టు. మామూలు నట్టులాగా ఉండదు. ముందు వైపు కోరల్లాంటి పళ్లు ఉంటాయి. బీఎంసీ కంపెనీ వాళ్ల భాషలో దాని పేరు స్టార్టింగ్ నట్. పేరుకి నట్టు గానీ ఆకారానికి బోల్టు. క్రాంక్‌షాఫ్ట్ కొసలోకి మరలాగా ఎక్కుతుంది. నేను కూడా మెకానిక్‌లు పిలిచినట్టే నట్టు అనే పిలుస్తా.

ఇది ఊడకపోతే పుల్లీ రాదు. పుల్లీ రాకపోతే టైమింగ్ కవర్ రాదు. కవర్ రాకపోతే లోపలి చైన్ మార్చలేం, ముందు నుంచి కారే ఆయిల్ ఆపలేం. మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే మొత్తం ప్రాజెక్టు ఒక్క డిపెండెన్సీ దగ్గర ఆగిపోయినట్టు. పాత ఎంజీ కార్లు పెట్టుకున్నవాళ్లలో చాలామంది ఈ నట్టు దగ్గరే రెండు మూడు వీకెండ్లు పోగొట్టుకుంటారు.

ఇంగ్లండ్ స్పోర్ట్స్ కారు గోల మనకెందుకు అంటారా? అక్కడే ఉంది అసలు మజా.

ఎంజీఏ మొదటి మోడల్‌లో ఉన్నది 1489 సీసీ ఇంజిన్. దాన్ని బీ సిరీస్ అంటారు. ఈ 1489 అనే నంబరు మీ నాన్నకో, బాబాయికో చెప్పి చూడండి. వాళ్లు టక్కున అంబాసిడర్ అంటారు. కరెక్టే. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారుని హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు కలకత్తా పక్కన ఉత్తర్‌పాడాలో అంబాసిడర్ పేరుతో 1950ల చివర్లో మొదలుపెట్టారు. కొద్ది రోజులు పాత సైడ్ వాల్వ్ ఇంజిన్, ఆ వెంటనే ఇదే బీ సిరీస్ 1489. ఎంజీఏలో రెండు ఎస్‌యూ కార్బురేటర్లు, మన అంబాసిడర్‌లో ఒక్కటి. ఎంజీఏది పరుగెత్తే ట్యూనింగ్, మనది పెళ్లి బృందాన్ని మోసే ట్యూనింగ్. బ్లాక్, క్రాంక్ అమరిక, ముందున్న ఆ కోరల నట్టు మాత్రం ఒకే కుటుంబానివి. ఒకే కోడ్‌బేస్‌కి రెండు బిల్డ్‌లు అనుకోండి. ఒకటి రేసుకి వెళ్లింది, ఇంకోటి ఎర్రబుగ్గ పెట్టుకుని సెక్రటేరియట్‌కి వెళ్లింది.

ఆ ఇంజిన్‌ని ఇంగ్లండ్‌లో ఎప్పుడో ఆపేశారు. మన దగ్గర మాత్రం దశాబ్దాలు నడిచింది. పెట్రోల్ అంబాసిడర్‌కి ఇసుజు 1.8 లీటర్ ఇంజిన్ వచ్చింది 1990లలోనే. కారు మొత్తంగా ఆగింది 2014 మే నెలలో. అంటే ఏంటి? బీ సిరీస్ ఇంజిన్ ముందు నట్టు విప్పడం వచ్చిన చేతులు అబింగ్డన్‌లో ఎన్నున్నాయో ఏమో గానీ, మన ఇండియాలో మాత్రం ఊరికొకటి తయారయ్యాయి. టాక్సీ స్టాండ్ల పక్కన, ఆర్టీసీ డిపోల వెనకాల, వనస్థలిపురం ఆటోనగర్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో.

సరే, ఆ నట్టుకి కోరలెందుకు? ఇది మన జనరేషన్‌కి అస్సలు తెలియని విషయం. పాత సినిమాల్లో చూసుంటారు. కారు ఆగిపోతుంది, డ్రైవర్ దిగి డిక్కీలోంచి జెడ్ ఆకారంలో ఒక ఇనప రాడ్డు తీస్తాడు, ముందు బంపర్ కింద చిల్లులో దూర్చి గిర్రున తిప్పుతాడు. హ్యాండిల్ కొట్టడం అనేవాళ్లు. ఆ రాడ్డు కొస వెళ్లి పట్టుకునేది ఈ కోరలనే. ఇంజిన్‌కీ మనిషి చేతికీ మధ్య షేక్‌హ్యాండ్ జరిగే చోటు ఈ నట్టు.

చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్తే ఒక పసుపురంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కనిపిస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం ఆర్డరిచ్చిన కారు, లండన్‌లో బార్కర్ కంపెనీ బాడీ కట్టింది. 1911లో ఆయన చనిపోయారు, కారు కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌కి దక్కింది. లోపల వెనక సీటు సింహాసనంలా ఉంటుంది, అందుకే థ్రోన్ కార్ అంటారు. నెక్స్ట్ టైమ్ వెళ్లినప్పుడు అందరూ సింహాసనం ఫోటో తీస్తుంటే మీరు ముందుకెళ్లి రేడియేటర్ కింద చూడండి. ఆ కాలం సిల్వర్ ఘోస్ట్‌కి సెల్ఫ్ స్టార్టర్ లేదు. రోల్స్ రాయిస్ వాళ్లు దాన్ని మామూలుగా బిగించడం మొదలుపెట్టింది మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాకే. అంటే దేశంలో అందరికంటే ధనవంతుడి కారు కూడా ఒక డ్రైవర్ వంగి చేత్తో తిప్పితేనే కదిలేది.

ఆ తిప్పడం చిన్న పని కాదు. స్పార్క్ ముందుగా పడితే ఇంజిన్ వెనక్కి తన్నేది. హ్యాండిల్ ఉల్టా తిరిగి మణికట్టు మీద కొట్టేది. ఎంత కామన్ అంటే, మణికట్టు దగ్గర బొటనవేలి వైపు ఎముక విరిగే ఒక రకం ఫ్రాక్చర్‌కి డాక్టర్ల పుస్తకాల్లో ఈ రోజుకీ షాఫర్స్ ఫ్రాక్చర్ అనే పేరుంది. షాఫర్ అంటే డ్రైవర్. ఎంబీబీఎస్ చదివే ఫ్రెండ్ ఉంటే అడగండి, పేరు తెలుసుంటుంది, పేరు ఎందుకొచ్చిందో తెలుసో లేదో. పాత డ్రైవర్లు నేర్పే మొదటి పాఠం ఏంటంటే, హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు చుట్టూ తిప్పొద్దు, నాలుగు వేళ్ల పక్కనే పెట్టుకోవాలి. తన్నితే చెయ్యి జారిపోతుంది, వేలు మిగులుతుంది.

అమెరికాలో చార్లెస్ కెటరింగ్ చేసిన ఎలక్ట్రిక్ స్టార్టర్ 1912 మోడల్ కాడిలాక్‌లో వచ్చింది. అక్కడ హ్యాండిల్ మెల్లగా మాయమైంది. మన దగ్గర మాత్రం చాలాకాలం ఉంది. కారణం సింపుల్, బ్యాటరీ మీద నమ్మకం లేదు. నిజాం రైల్వే వాళ్లు 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖ మొదలుపెట్టారు, అదే తర్వాత మన ఆర్టీసీ అయింది. ఆ కాలం అల్బియన్ బస్సు నుంచి 1970ల అంబాసిడర్ దాకా డిసెంబర్ పొద్దున హ్యాండిలే దిక్కు.

ఇప్పుడు ఒక చిన్న లాజిక్. ముందు నిలబడి చూస్తే ఈ ఇంజిన్ గడియారం ముల్లు దిక్కులో తిరుగుతుంది. హ్యాండిల్ కూడా అదే దిక్కులో తిప్పాలి. నట్టు మర బిగుసుకునే దిక్కు కూడా అదే. అంటే హ్యాండిల్ కొట్టిన ప్రతిసారీ, ఆ తోసే బలమంతా నట్టుని బిగించే వైపే పడుతుంది. ఇంజిన్ వెనక్కి తన్నినప్పుడు కూడా అంతే. నట్టు ఉల్టా తిరగబోతుంటే చేతిలోని హ్యాండిల్ దాన్ని ఆపుతుంది, మళ్లీ బిగుసుకునే వైపే. డిజైన్ చేసినవాడు కావాలనే అలా పెట్టాడు, లేకపోతే ఒకరోజు హ్యాండిల్‌తో పాటు నట్టు చేతికొచ్చేది. మంచి ఇంజనీరింగే. కానీ అరవై ఏళ్ల తర్వాత దాన్ని విప్పేవాడి గురించి ఎవరూ ఆలోచించలేదు. లెగసీ కోడ్ ముట్టుకున్న ప్రతి ఒక్కరికీ ఈ ఫీలింగ్ తెలుసు.

దీనికి తుప్పు తోడవుతుంది. తుప్పు అంటే ఇనుము తగ్గిపోవడం అనుకుంటాం. కానీ పుట్టే తుప్పు, పోయిన ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. మర సందుల్లో చోటెక్కడుంది? అందుకే లోపల్నుంచి నొక్కుకుని కూర్చుంటుంది. ఇంకోటి. మనం పానాతో పెట్టే బలంలో సుమారు సగం నట్టు తల కింద రాపిడికే పోతుంది, ఇంకో నలభై శాతం మర రాపిడికి. నిజంగా బిగింపుగా మారేది పదో వంతే. విప్పేటప్పుడు మనం పోరాడేది ప్రధానంగా ఆ రాపిడితో. అందుకే డీజిలో, నూనెలో పోసి నానబెట్టడం ఏదో పాతకాలం చాదస్తం కాదు.

ఇక సైజు గోల. దీనికి కొంచెం వెనక్కి వెళ్లాలి.

మన ఇళ్లల్లో ఒక డ్రాయర్ నిండా పాత ఛార్జర్లు ఉంటాయి కదా? సన్న పిన్ను, మైక్రో యూఎస్‌బీ, టైప్ సీ. నట్లకి కూడా సేమ్ కథ, కాకపోతే నూట ఎనభై ఏళ్ల నుంచి. 1841కి ముందు ఇంగ్లండ్‌లో ఏ వర్క్‌షాప్ మర దానిదే. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీర్ రకరకాల వర్క్‌షాపుల బోల్టులు తెప్పించి కొలిచి, వాటి మధ్యస్థంగా ఒక ప్రమాణం ప్రతిపాదించాడు. మర కోణం 55 డిగ్రీలు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్, కాదు 60 డిగ్రీలే చేసుకోవడం తేలిక అన్నాడు. ఐదు డిగ్రీల తేడా. ఒకడి నట్టు ఇంకొకడి బోల్టుకి సరిగా కూర్చోదు.

ఇది ఎప్పుడు నొప్పి పెట్టిందంటే, రెండో ప్రపంచ యుద్ధంలో. బ్రిటిష్ వాళ్ల మెర్లిన్ విమాన ఇంజిన్‌ని అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ తయారుచేయాల్సి వచ్చింది. ఆ బ్రిటిష్ మరలు కోసే పనిముట్లు అమెరికాలో దొరకవు, ప్యాకార్డ్ వాళ్లే సొంతంగా చేసుకోవాల్సి వచ్చింది. యుద్ధం అయ్యాక 1948 నవంబర్‌లో వాషింగ్టన్‌లో బ్రిటన్, అమెరికా, కెనడా కూర్చుని ఒక ఉమ్మడి మర మీద సంతకాలు పెట్టాయి. యూనిఫైడ్ మర అంటారు. 60 డిగ్రీలు, అంగుళాల్లో. ఎంజీఏ, అంబాసిడర్ ఈ ఒప్పందం తర్వాత పుట్టిన పిల్లలు, అందుకే వాటిలో చాలావరకు ఈ కొత్త మరలే.

ఎంజీఏకి ముందు ఎంజీ టీసీ అని ఒకటుంది, 1945 నుంచి 1949 దాకా. దాని ఇంజిన్ కథ ఈ ఎపిసోడ్‌లో నాకు బాగా నచ్చిన ముక్క. ఫ్రాన్స్‌కి చెందిన హాచ్‌కిస్ అనే తుపాకుల కంపెనీ మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండ్ వచ్చి కావెంట్రీలో మెషిన్ గన్నుల ఫ్యాక్టరీ పెట్టింది. యుద్ధం అయిపోయింది, గన్నులు ఎవరికీ వద్దు. అప్పుడు మోరిస్ కంపెనీకి ఇంజిన్లు చేసిపెట్టడం మొదలుపెట్టారు. 1923లో ఫ్యాక్టరీనే మోరిస్ కొనేశాడు. మెషిన్లన్నీ ఫ్రెంచివి, అంటే మెట్రిక్. మరలు మెట్రిక్‌లోనే కోస్తాయి. కానీ ఇంగ్లండ్ మెకానిక్ దగ్గర ఉన్నవి విట్‌వర్త్ పానాలు. ఏం చేశారో తెలుసా? మర మెట్రిక్, నట్టు తల మాత్రం విట్‌వర్త్ సైజు! ఏపీఐ పాతదే ఉంచి లోపల ఇంప్లిమెంటేషన్ మార్చేసినట్టు. టీసీ బోల్టు పోయిందని ఏదో ఒక బోల్టు తెచ్చి తిప్పితే మర నాశనం. పానా సరిగ్గా పట్టిందంటే బోల్టు సరైనదే అనుకోవడం ఈ కారు దగ్గర కుదరదు.

ఇండియాలో ఈ గొడవ డబుల్. 1954లో టాటా వాళ్లు మెర్సిడెస్ బెంజ్‌తో కలిసి లారీలు మొదలుపెట్టారు, అవి మెట్రిక్. ఫియట్, అంటే తర్వాత ప్రీమియర్ పద్మిని, మెట్రిక్. అంబాసిడర్, జీపు అంగుళాలు. పాత బ్రిటిష్ బైకులు, బస్సులు విట్‌వర్త్. 1956 చట్టంతో దేశం మొత్తం మీటర్లకీ కిలోలకీ మారింది గానీ, షెడ్డులో ఉన్న బండి మారదు కదా! అందుకే 1970లలో మన మెకానిక్ దగ్గర మూడు డబ్బాలు ఉండాల్సిందే. ఎమ్మెం పానాలు, ఇంచు పానాలు, విట్‌వర్త్ పానాలు.

కలిపి వాడితే ఏమవుతుందో చూడండి. అర అంగుళం నట్టు అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 పానా పెడితే దూరుతుంది, కొంచెం ఆడుతుంది. ఆ 0.3 మిల్లీమీటర్ల ఆటే మూలలు అరగదీస్తుంది. 9/16 అంటే 14.29. దానికి 14 ఎక్కదు, 15 జారుతుంది. 3/4 మాత్రం 19.05, కాబట్టి 19 పానా హాయిగా పనిచేస్తుంది. విట్‌వర్త్ ఇంకా దారుణం, పానా మీద రాసేది నట్టు తల వెడల్పు కాదు, బోల్టు లావు. పావు అంగుళం అని రాసున్న పానా నోరు కొలిస్తే 13.3 మిల్లీమీటర్లు ఉంటుంది. మొదటిసారి చూసినవాడికి తల తిరుగుతుంది.

ఇప్పుడు అల్మాస్‌గూడకి వద్దాం. ఎల్బీ నగర్ వైపు నుంచి కర్మన్‌ఘాట్ దాటి లోపలికి వస్తే, బాలాపూర్, బడంగ్‌పేట్ మధ్యలో ఉంటుంది. అపార్ట్‌మెంట్లు లేచిపోతున్నాయి, వాటి మధ్య ఇంకా రేకుల షెడ్లు మిగిలాయి. అలాంటి ఒక షెడ్డులో అరవై దాటిన ఒక ఉస్తాద్ పనిచేస్తాడు. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. ఆయన జీవితం అంతా అంబాసిడర్ల మీదే. అక్కడికి ఒక ఎంజీఏ వచ్చింది. ఒక కుటుంబం తాతల కాలం నుంచి దాచుకున్న కారు, చాలా ఏళ్లుగా కదల్లేదు. ముందు వేరే చోటికి తీసుకెళ్లారట. వాళ్లు పైప్ రెంచి పెట్టి, పొడుగు పైపు తొడిగి గుంజారు. నట్టు కదల్లేదు, మూలలు మాత్రం నలిగాయి.

ఇక్కడ పోయేది నట్టు ఒక్కటే కాదు. ఇంకా గట్టిగా గుంజి క్రాంక్‌షాఫ్ట్ లోపలి మర చితికితే ఇంజిన్ మొత్తం దించాలి, క్రాంక్ మార్చాలి. 2021లో కేంద్రం పెట్టిన రూల్ ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేసుకోవచ్చు, వీఏ అక్షరాలతో నంబర్ ప్లేట్ వస్తుంది. కానీ ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదు. ఆ ఇంజిన్ ఎంత అసలుగా ఉంటే కారుకి అంత విలువ. ఆ ఇంట్లో పెద్దాయన షెడ్డులో స్టూల్ మీద కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు, నట్టు వైపే చూస్తున్నాడు.

ఉస్తాద్ పానా ముట్టలేదు ముందు. టార్చి వేసి నట్టు తల కిందకి చూశాడు. నవ్వాడు. "చెవి ఇంక మడిచే ఉంది బిడ్డా. తలుపుకు గొళ్లెం పెట్టి గుద్దితే ఎట్ల తెరుచుకుంటది?" అన్నాడు. నట్టు కింద ఒక రేకు వాషర్ ఉంటుంది. బిగించాక దాని అంచుని నట్టు పక్కకి మడిచేస్తారు, తిరగకుండా తాళం లాగా. దశాబ్దాల ఆయిల్, దుమ్ము పేరుకుని అది కనిపించడం లేదు. ముందు గుంజినవాళ్లు దాన్ని చూడనే లేదు. చిన్న ఉలి పెట్టి, సుత్తితో మెల్లగా తట్టి ఆ రేకుని వెనక్కి వంచాడు. వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి డీజిల్ పోశాడు. "రేపు ఒకసారి పోస్త, ఎల్లుండి రా" అన్నాడు. నేను కెమెరా సర్దుకుని వచ్చేశా. రెండు రోజులు వెయిట్ చేయించే ట్యుటోరియల్ వీడియో నేనైతే ఎక్కడా చూడలేదు.

రెండో రోజు పానాల డబ్బా తెరిచాడు. అంగుళాల్లో ఉన్నది, పొట్టిగా, దళసరిగా ఉన్న రింగు పానా. దాని తోక చదునుగా ఉంది. కొట్టుడు పానా అంటాడు ఆయన. గుంజడానికి కాదు, సుత్తితో కొట్టించుకోవడానికే పుట్టింది. నలిగిన మూలల్ని ఫైల్‌తో కాస్త సాపు చేసి దాన్ని తొడిగాడు, ఆట లేకుండా కూర్చుంది. నేను అడిగా, పొడుగు రాడ్డు పెట్టి ఇద్దరం గుంజొచ్చు కదా అని. "గుంజితే ఇంజిన్ తిరుగుతది, నట్టు తిరగది. ఒక్కటే దెబ్బ. గట్టిగ కాదు, షార్ప్‌గ."

దీనిలో ఫిజిక్స్ మీకు తెలిసిందే. గ్లాసు మీద అట్ట, అట్ట మీద నాణెం. అట్టని మెల్లగా లాగితే నాణెం కూడా వస్తుంది. చిటికేస్తే అట్ట ఎగిరిపోతుంది, నాణెం గ్లాసులో పడుతుంది. క్రాంక్‌షాఫ్ట్, ఫ్లైవీల్ కలిసి చాలా బరువు. మెల్లగా గుంజితే అదంతా నట్టుతో పాటే తిరిగిపోతుంది. షార్ప్‌గా కొడితే ఆ బరువు కదలడానికి టైమ్ చాలదు, నట్టు ఒంటరిదైపోతుంది. ఆ దెబ్బకి రాపిడి పట్టు ఒక్క క్షణం వదులుతుంది. ఇప్పటి ఇంపాక్ట్ రెంచి చేసేది కూడా ఇదే, సెకనుకి బోలెడు సార్లు. ఇంపాక్ట్ గన్ ఉన్నవాళ్లు హాయిగా వాడుకోండి, నాకు దాని మీద ఏ కోపమూ లేదు. కానీ ఆ రేకు చెవి మడిచే ఉంటే గన్ కూడా ఏం చేయలేదు.

మొదటి దెబ్బ, ఖణేల్మని తిరిగొచ్చింది. రెండోది కూడా అంతే. మూడోదానికి సౌండ్ మారింది. టక్ అని, చెక్క మీద కొట్టినట్టు. ఉస్తాద్ సుత్తి కింద పెట్టేశాడు. "అయిపోయింది" అన్నాడు. నాకు నట్టు కదిలినట్టే కనిపించలేదు, వీడియో స్లోమోషన్‌లో చూస్తే ఒక రవ్వంత కదిలింది. తర్వాత చేతి పానాతో మామూలుగా తిప్పి తీసేశాడు. లోపలి మర మెరుస్తోంది, ఒక్క పన్ను చితకలేదు. స్టూల్ మీద పెద్దాయన లేచి వచ్చి, ఆ నట్టు చేతిలోకి తీసుకుని ప్యాంటుకి తుడిచి చూసుకున్నాడు.

ఇంకో పద్ధతి గురించి కూడా అడిగా, ఎందుకంటే మీలో చాలామంది చూసే ఉంటారు. పానా రాడ్డుని ఛాసిస్‌కి ఆనించి సెల్ఫ్ కొడతారు, ఇంజిన్ తన బలంతో తనే నట్టు విప్పుకుంటుంది. దిక్కు లెక్క కరెక్టే, పనిచేస్తుంది కూడా. ఉస్తాద్ కుర్రాడిగా ఉన్నప్పుడు అలా చేశాడట. ఇప్పుడు చేయడు. రాడ్డు జారితే రేడియేటర్ ఉండాల్సిన చోట మన మోకాలు ఉంటుంది. కాయిల్ వైరు తీయడం మర్చిపోతే ఇంజిన్ నిజంగానే స్టార్ట్ అవుతుంది. దయచేసి ఇంట్లో ట్రై చేయొద్దు. ఇది యూట్యూబ్ కోసం చెప్పే డైలాగ్ కాదు, నిజంగా చెప్తున్నా.

నాకు ఇక్కడ కొంచెం బాధేసే విషయం ఒకటుంది. ఆ కొట్టుడు పానా ఆయన కొత్తది కొన్నది కాదు. జుమ్మెరాత్ బజార్‌లో తుక్కు కుప్పలోంచి ఏరుకొచ్చింది. అంబాసిడర్లు పోయాక ఇంచు పానాల పని పోయింది. షెడ్లు మూసినవాళ్లు డబ్బాలు డబ్బాలు కిలోల లెక్కన అమ్మేశారు. హ్యాండిళ్లయితే ఇంకా అన్యాయం, వాటితో ఏం చేయాలో ఎవరికీ తెలియదు, మంచి ఉక్కు, కరిగించేస్తారు. ఉస్తాద్ దగ్గర పని నేర్చుకునే పిల్లగాళ్లు ఇద్దరున్నారు. ఇద్దరూ మారుతి, హ్యుందాయ్ మీదే నేర్చుకుంటున్నారు, అది వాళ్ల అన్నం, తప్పేం లేదు. వాళ్ల పానాలన్నీ ఎమ్మెం. ఎంజీఏ బానెట్ దించాక వాళ్లలో ఒకడు నన్ను పక్కకి పిలిచి అడిగాడు, "అన్నా, ఈ కారుకి పార్టులు దొరుకుతయా?" అని. దొరుకుతాయి రా, ఇంగ్లండ్‌లో ఆర్డర్ పెడితే వారంలో వస్తాయి. ఈ ఇంజిన్ చప్పుడు విని మర పట్టు వదిలిందో లేదో చెప్పే చెవి మాత్రం అందులో రాదు.

తిరిగి బిగించడం కూడా చూపించి ముగిస్తా. మర శుభ్రం చేశాడు, ఒక చుక్క ఆయిల్ రాశాడు. కొత్త సీల్, కొత్త టైమింగ్ చైన్ పడ్డాయి. లాక్ వాషర్ మాత్రం పాతది మళ్లీ వాడనన్నాడు, ఒకసారి మడిచి విప్పిన రేకు రెండోసారి మడిస్తే విరుగుతుంది. కొత్తది వేసి, బిగించి, చెవిని నట్టు పక్కకి తట్టి మడిచాడు. స్పార్క్ ప్లగ్గులు నాలుగూ తీసి, పానాతో ఇంజిన్‌ని రెండు చుట్లు చేత్తోనే తిప్పి చూసుకున్నాడు. ఆ తర్వాతే రేడియేటర్ ఎక్కింది. పాత వాషర్ నాకిచ్చేశాడు, ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడుతున్నా చూడండి. ఇక్కడ మడత గీత ఉంది కదా, దాని పక్కనే ఇంకో పాత మడత గీత సన్నగా కనిపిస్తోంది. అంటే ఈ నట్టుని ఇంతకు ముందు కూడా ఎవరో ఒకసారి విప్పారు.